ఫెరారీని ఓడించిన ట్రక్కు: పావుమైలు పందెముపై ఒక విమర్శ

మోటారు వాహనములను గూర్చి అమెరికాలో వెలువడు ‘కార్ అండ్ డ్రైవర్’ అను పత్రిక 1991 సెప్టెంబరులో ఒక విచిత్రమైన పోలికను ప్రకటించినది. ఒకవైపున ఇటలీ దేశపు ఫెరారీ కంపెనీవారి 348 టి.ఎస్. అను కారు; మరొకవైపున అమెరికాలో జి.ఎం.సి. పేరుతో అమ్మబడిన సైక్లోన్ అను చిన్న పికప్ ట్రక్కు. కారు ధర లక్షా ఇరవైవేల డాలర్లకు పైమాట. ట్రక్కు ధర సుమారు 26 వేల డాలర్లు. నిలిచియున్న చోటినుండి బయలుదేరి పావుమైలు దూరము, అనగా 1320 అడుగులు లేక 402 మీటర్లు, దాటుటకు ట్రక్కుకు 14.1 సెకన్లు, ఫెరారీకి 14.5 సెకన్లు పట్టినవి. వెనుక సామాను తొట్టి గల బండి ఫెరారీని ఓడించినదను వార్తకు రెక్కలు వచ్చుటలో ఆశ్చర్యము లేదు. నాటినుండి నేటివరకు ఆ ట్రక్కు ప్రసక్తి వచ్చిన చోటనెల్ల ఈ కథ చెప్పబడుచునే యున్నది.

కథ అబద్ధము కాదు. కాని చెప్పుకొనువారు సాధారణముగా ఒక అంకెను విడిచిపెట్టుచున్నారు. గీత దాటు క్షణమున రెండు బండ్ల వేగము లెంత? ట్రక్కు వేగము గంటకు 93 మైళ్ళు, అనగా సుమారు 150 కిలోమీటర్లు. ఫెరారీ వేగము 99 మైళ్ళు, అనగా సుమారు 159 కిలోమీటర్లు. ఓడిన బండి గెలిచిన బండికంటె వేగముగా గీత దాటినదన్న మాట! విద్యార్థి ఎవరైనను ఇచ్చట ఆగి, ఇది ఎట్లు సంభవమని అడుగవలెను. ఆ ప్రశ్న వేయనిచో, “టర్బో ఇంజను బలము ముందు ఫెరారీ నిలువలేదు” అను తప్పు అర్థము మనస్సులో నాటుకొనును.

ముందు ఆ ట్రక్కు స్వరూపము తెలియవలెను. దాని ఇంజనులో ‘వి’ ఆకారమున అమర్చిన ఆరు సిలిండర్లున్నవి. వాటి ఘనపరిమాణము 4.3 లీటర్లు. ఇంజనునుండి వెలువడు వేడి వాయువులు మామూలుగా గొట్టముగుండా బయటికి పోయి వ్యర్థమగును. టర్బోఛార్జరులో ఆ వాయువులే ఒక చిన్న చక్రమును త్రిప్పును. దానితోపాటు ఒకే ఇరుసుపై తిరుగు రెండవ చక్రము బయటి గాలిని అదిమి సిలిండర్లలోనికి పంపును. గాలి ఎక్కువ చేరినచో దానితో ఎక్కువ పెట్రోలును మండింపవచ్చును. సైక్లోనులో ఈ అదనపు పీడనము చదరపు అంగుళమునకు 14 పౌండ్ల వరకు ఉండును. వాతావరణ పీడనము 14.7 పౌండ్లు కాబట్టి, సిలిండర్లకు దాదాపు రెండు వాతావరణముల గాలి అందును. ఇంజను సామర్థ్యము 280 అశ్వశక్తి. ఫెరారీ ఇంజనుది 300. బలములో ఫెరారీయే పైచేయి. పైగా అది సుమారు 1500 కిలోల బండి, ట్రక్కు సుమారు 1630 కిలోలు.

ఇది సామానులు మోయు ట్రక్కేనా అని సందేహించుటకు కారణము లేకపోలేదు. దీనిపై వేయదగిన బరువు 500 పౌండ్లు మాత్రమే. 75 కిలోల ధాన్యపు బస్తాలు మూడు వేసినచో దాని పని సరి! ఆకారములో ట్రక్కు, స్వభావములో పందెపు బండి.

మరి తక్కువ బలము, ఎక్కువ బరువు గల బండి ముందుగా గీత చేరుటకు కారణము ఇంజనులో గాక, టైర్లలో వెదకవలెను. బండిని ముందుకు నెట్టు బలము చివరకు టైరుకు, నేలకు మధ్యనున్న ఘర్షణయే. ఏ చక్రముపై ఎంత బరువు ఆనియున్నదో దాని ననుసరించి ఆ చక్రము పట్టు ఉండును. ఫెరారీలో వెనుక చక్రములు రెండు మాత్రమే నెట్టును. ముందు చక్రములపై ఆనిన బరువు బయలుదేరుటకు తోడ్పడదు. సైక్లోనులో నాలుగు చక్రములకును ఇంజను బలము పంచబడును: ముందు చక్రములకు నూటికి 35 పాళ్ళు, వెనుక చక్రములకు 65 పాళ్ళు. బండి బరువంతయు పట్టుగా మారును. ఖాళీ పికప్ ట్రక్కులో బరువు ముందువైపుననే ఎక్కువగా ఉండును. టర్బో ఇంజనును పెట్టి వెనుక చక్రములను మాత్రమే త్రిప్పినచో, అవి ఉన్నచోటనే గిరగిర తిరిగి పొగలు లేపియుండెడివి. అనగా ఈ ట్రక్కు నిర్మాతల తెలివి టర్బోలోకంటె నాలుగు చక్రముల ఏర్పాటులోనే ఎక్కువగా కనబడుచున్నది. పత్రికల పొగడ్తలలో మాత్రము టర్బోకు అగ్రాసనము, పాపము ఆ ఇరుసులకు కడపటి పీట.

అదే పరీక్షలోని మరొక జత అంకెలు ఈ మాటను బలపరచుచున్నవి. గంటకు 60 మైళ్ళ వేగము చేరుటకు ట్రక్కుకు 5.3 సెకన్లు, ఫెరారీకి 6.0 సెకన్లు పట్టినవి. 60 మైళ్ళనగా సెకనుకు 26.8 మీటర్లు. ఆ భాగములో ట్రక్కు సగటు త్వరణము సెకనుకు సెకనుకు 5.1 మీటర్లు, ఫెరారీది 4.5. అచ్చటినుండి గీత వరకు లెక్కించినచో కథ తారుమారగును. ట్రక్కు మిగిలిన 8.8 సెకన్లలో 93 మైళ్ళకు మాత్రమే చేరినది. సగటు త్వరణము 1.7. ఫెరారీ మిగిలిన 8.5 సెకన్లలో 99 కి చేరినది, సగటు 2.05. మొదటి ఐదారు సెకన్లలో ట్రక్కు సంపాదించిన ఆధిక్యమును ఫెరారీ అటు తరువాత కొంచెము కొంచెముగా తీసుకొనుచుండెను. తీసుకొనుట పూర్తికాకముందే గీత వచ్చినది.

పాఠశాలలో చేయదగిన ఒక చిన్న లెక్క కలదు. దీనికి 60 మైళ్ళ అంకె కూడ అక్కరలేదు. గీత దాటు వేగమును సగటు వేగముతో భాగించి చూడవలెను. త్వరణము మొదటినుండి చివరివరకు మారకున్నచో ఈ నిష్పత్తి సరిగా 2. త్వరణము మారుచు, చక్రములకు అందు సామర్థ్యము మాత్రము మారకున్నచో 1.5 వచ్చును. (సామర్థ్యము స్థిరమైనచో గతిజశక్తి కాలముతో సమానముగా పెరుగును, కాబట్టి వేగము కాలముయొక్క వర్గమూలముననుసరించి, దూరము కాలము ఒకటిన్నర ఘాతము ననుసరించి పెరుగును. మిగిలినది విద్యార్థులు పూర్తిచేయగలరు.) ట్రక్కు సగటు వేగము సెకనుకు 28.5 మీటర్లు, గీత దాటు వేగము 41.6, నిష్పత్తి 1.46. ఫెరారీ సగటు 27.7, గీత వేగము 44.3, నిష్పత్తి 1.60. ఒకటి 1.5 కు దిగువన, ఒకటి ఎగువన! ఉన్న వేగమును ముందుగానే సంపాదించి తరువాత అలసిన బండి ట్రక్కు. మెల్లగా ఆరంభించి చివర పుంజుకొన్న బండి ఫెరారీ. రెండే అంకెలనుండి పరుగు మొత్తముయొక్క ఆకారము ఇట్లు బయటపడును.

ఇంకొక లెక్క మరింత ఆశ్చర్యము కలిగించును. గీత వద్ద ట్రక్కు గతిజశక్తి సుమారు 14 లక్షల 10 వేల జౌళ్ళు; దానిని 14.1 సెకన్లతో భాగించినచో సగటున 100 కిలోవాట్లు. ఫెరారీ గతిజశక్తి సుమారు 14 లక్షల 70 వేల జౌళ్ళు, 14.5 తో భాగించినచో 101 కిలోవాట్లు. నడపువాని బరువును ఇందులో చేర్చలేదు. ఉజ్జాయింపున రెండు బండ్లును సెకనుకు ఒకే పని చేసినవి! ఇంజను 280 అశ్వశక్తి అనగా 209 కిలోవాట్లు గదా, మిగిలిన సగము ఏమైనది? కొంత గాలిని చీల్చుటకు, కొంత గేర్లలోను టైర్లలోను వేడిగా మారుటకు, కొంత చక్రములను త్రిప్పుటకు పోయినది. అంతకంటె ముఖ్యముగా, ఇంజను ఆ 209 కిలోవాట్లను ఒక ప్రత్యేక భ్రమణవేగము వద్ద మాత్రమే ఇచ్చును. గేరు మారినప్పుడెల్ల అది ఆ స్థానమునుండి జారును. ప్రకటనలలో అచ్చగు అశ్వశక్తి అంకె, బండి నేలపై చేయు పనికి ప్రతిబింబము కాదు.

రెండును ఒకే క్షణమున బయలుదేరియుండినచో, ట్రక్కు గీత దాటునప్పటికి ఫెరారీ దానికి 18 మీటర్లు వెనుక ఉండియుండును. ఆ సమయములో ఫెరారీ సెకనుకు 2.7 మీటర్లు అధికముగా పరుగెత్తుచున్నది. ఆ తేడా పెరుగుచునే యున్నది. ఐదారు సెకన్లలో, అనగా ఇంకొక పావు కిలోమీటరు సాగునప్పటికి, అది ట్రక్కును దాటిపోవలెను. పందెము అరమైలు పెట్టియుండినచో వార్తయే పుట్టియుండెడిది కాదు.

పావుమైలన్నది ప్రకృతి నియమము కాదు. అమెరికాలో పావుమైలు పరుగునకు పేరుపొందిన గుర్రపుజాతియే ఒకటి కలదు. క్వార్టర్ హార్స్ అను దాని పేరే ఆ దూరమునుండి వచ్చినది. మోటారు బండ్ల పందెములకు అదే కొలత స్థిరపడినది. వాలీ పార్క్స్ 1951లో స్థాపించిన నేషనల్ హాట్ రాడ్ అసోసియేషన్ ఆ పందెములను రహదారులనుండి తప్పించి ప్రత్యేక మార్గములకు చేర్చుటకు పాటుపడినది. 2008లో స్కాట్ కలిట్టా అను పందెగాడు న్యూజెర్సీలోని ఇంగ్లిష్ టౌన్ వద్ద మరణించిన పిమ్మట, అత్యంత వేగము గల రెండు తరగతులకు ఆ సంస్థయే దూరమును 1000 అడుగులకు తగ్గించినది. మనుష్యుడు గీచిన గీతను మనుష్యుడే జరిపినాడు. గీత జరిగినచో గెలుపోటముల తేడాయును జరుగును.

గీతకు ఆవలి భాగమును గూర్చి ఒక మాట. గంటకు 150 కిలోమీటర్ల వేగముతో పోవు ట్రక్కును మంచి పొడి రోడ్డుపై, సెకనుకు సెకనుకు 7.8 మీటర్ల చొప్పున వేగము తగ్గించుచు ఆపుటకు 110 మీటర్లు కావలెను. బ్రేకుపై కాలు పడుటకు ఒక సెకను పట్టినచో మరి 42 మీటర్లు. పందెపు మార్గములో గీత తరువాత ఇందుకు విశాలమైన చోటు విడువబడియుండును. వీధిలో ఆ 150 మీటర్లలో ఎద్దు ఉండవచ్చును, సైకిలు ఉండవచ్చును, బడినుండి వచ్చు పిల్లలుండవచ్చును. “వీధి ట్రక్కు” అను పేరు ఆ బండికి వీధిలో తిరుగుటకు అనుమతి ఉన్నదని మాత్రమే తెలుపును. అచ్చట పరుగుపందెము పెట్టవచ్చునని కాదు.

కాలమును కొలచు పద్ధతిలో కూడ గమనింపవలసినది కలదు. పందెపు మార్గములో ముందు చక్రము ఒక కాంతికిరణమును అడ్డగించి నిలిచియుండును. చక్రము కదలి ఆ కిరణమును విడిచినప్పుడు గడియారము ఆరంభమగును. ఈలోపల బండి సుమారు ఒక అడుగు ముందుకు జరిగియుండును. అమెరికా పత్రికల పరీక్షలలోను ఆ మొదటి అడుగును లెక్కింపకుండుట వాడుక. ఒక అడుగే గదా అనుకొనరాదు. సెకనుకు సెకనుకు 5 మీటర్ల త్వరణముతో ఆ అడుగు దాటుటకు 0.35 సెకను పట్టును. రెండు బండ్ల మధ్య తేడా 0.4 సెకను మాత్రమే! రెండింటికిని ఒకే విధముగా తగ్గించినచో అన్యాయము లేదు. కాని ఒక పత్రిక తగ్గించి ప్రకటించిన కాలమును, మరియొకరు తగ్గింపక కొలచిన కాలముతో పోల్చుట వ్యర్థము. ఇదే జాతి ట్రక్కుకు 13.4 సెకన్లు, 98 మైళ్ళు అను అంకెలు కూడ ప్రచారములో ఉన్నవి. ఒకే జాతి బండికి చెప్పబడు రెండు కాలముల మధ్య తేడా 0.7 సెకను ఉండగా, 0.4 సెకను తేడాపై శాశ్వతమైన తీర్పు నిలుపుట సాహసమే. అయినను పైన చెప్పిన నిష్పత్తిని ఈ కొత్త అంకెలకు కట్టి చూచినచో మరల 1.46 వచ్చుచున్నది. కాలము మారినది గాని పరుగు ఆకారము మారలేదు. నమ్మదగినది ఈ ఆకారము.

ఇక టర్బో బండ్ల యజమానులకు ప్రియమైన విషయము, ‘ట్యూనింగ్’. పీడనమును 14 పౌండ్లనుండి 18 కి పెంచినచో బలము ఎంత పెరుగును? 14 కు 18 అనగా నూటికి 29 పాళ్ళ పెరుగుదల కాబట్టి బలమును అంతే పెరుగునని భ్రమపడుట సులభము. మీటరు చూపునది వాతావరణముపై అదనపు పీడనము మాత్రమే. నిజమైన పీడనము 28.7 నుండి 32.7 కు పెరిగినది. పెరుగుదల నూటికి 14 పాళ్ళు. అదియును గాలి ఉష్ణోగ్రత మారనప్పుడు. గాలిని అదిమినచో వేడెక్కును. సైకిలు పంపు అడుగుభాగమును తాకిన ప్రతి బాలునికి ఇది తెలియును. 27 డిగ్రీల గాలిని నూటికి 70 పాళ్ళ దక్షత గల టర్బో 14 పౌండ్లకు అదిమినచో ఉష్ణోగ్రత సుమారు 117 డిగ్రీలగును. 18 పౌండ్లకు అదిమినచో 137. వేడి గాలి పలుచన. చల్లార్చు సాధనమే లేనిచో గాలి సాంద్రతలో పెరుగుదల నూటికి 8 పాళ్ళు మాత్రమే. సాధనము గాలిని పూర్తిగా చల్లార్చినచో 14. ఉన్న లాభమంతయు ఈ రెండింటి మధ్యనే.

ఆ లాభము గడియారముపై మరింత చిన్నదిగా కనబడును. నిర్ణీత దూరమును దాటు కాలము, సామర్థ్యముయొక్క ఘనమూలమునకు విలోమముగా మారును. సామర్థ్యము నూటికి 14 పాళ్ళు పెరిగినచో 14.1 సెకన్లు 13.5 అగును, 8 పాళ్ళు పెరిగినచో 13.7 అగును. ఎనిమిది రెట్లు బలము పెంచిననే గాని కాలము సగము కాదు! ఘనమూలము పొదుపరియైన గృహిణివంటిది. ఎంత సంపాదించి ఇచ్చినను కొంచెమే ఖర్చుకు విడుచును.

పీడనము పెంచుటకు వేరొక అడ్డు కలదు. అధిక పీడనము, అధిక ఉష్ణోగ్రత కలిసినప్పుడు సిలిండరులో ఇంకను మంట చేరని మిశ్రమము తనంతట తానే ఒక్కసారిగా భగ్గుమనును. ఇంజనులో సుత్తితో కొట్టినట్లు చప్పుడగును. దీనినే నాకింగ్ అందురు. ఎక్కువసేపు సాగినచో పిస్టన్లు పగులును. సైక్లోనులో ఆ చప్పుడును పసిగట్టి స్పార్కును ఆలస్యము చేయు సాధనమున్నది. ఇంజను బ్రతుకును, బలము తగ్గును. కంప్యూటరులోని చిప్పును మార్చి “ఇన్ని అశ్వశక్తులు పెంచితిమి” అనువారి మాటలో, ఏ పెట్రోలుతో, ఎంత వేడిలో, ఎన్నవ పరుగులో అను వివరములు లేనిచో ఆ అంకెకు విలువ తక్కువ. ఈ ట్రక్కులో అదిమిన గాలిని చల్లార్చునది నీరు. ఒక పరుగు కాగానే ఆ నీరు వేడెక్కును. వెంటనే చేసిన రెండవ పరుగులో మొదటిదాని బలము రాదు. అందుకే పందెగాండ్రు ఆ నీటిలో మంచుగడ్డలు వేయు అలవాటు ఏర్పడినది. పద్నాలుగు సెకన్లకు మంచుగడ్డ చాలును. మంచు కరిగిన పిమ్మట చేసిన పరుగుల అంకెలను ఎవరును గొప్పగా చెప్పుకొనరు.

ట్యూన్ చేసిన ట్రక్కు 14.1 నుండి 13.7 కు దిగినదని ఒకరు చెప్పినచో, గీత దాటిన వేగమును కూడ అడుగవలెను. అది 93 వద్దనే ఉన్నచో ఇంజను బలము పెరుగలేదు. బయలుదేరుట మాత్రమే మెరుగైనది. టైర్ల గాలి సరిచేయుటవలన గాని, బ్రేకు నొక్కిపెట్టి ఇంజనును ముందుగా లేపి టర్బోలో పీడనము నింపుకొని వదలుటవలన గాని అట్లు జరుగవచ్చును. 93 కాస్త 96 అయినచో, గీత వేగముయొక్క ఘనము సామర్థ్యమును అనుసరించును కాబట్టి, బలము నిజముగా నూటికి పది పాళ్ళు పెరిగినదన్నమాట.